సున్నా కింద అరవై ఐదు

దయ్యాలు, గాలి, ధూళి అని ఎవరైనా మొదలుపెడితే నేను లేచి వెళ్ళిపోయేవాణ్ణి. భయంతో కాదు, విసుగుతో. ఉన్నదానికి బరువు ఉంటుంది, బరువు లేనిది లేనట్టే. నా బతుకంతా ఈ ఒక్క నమ్మకం మీద నడిచింది. నాకు జరిగింది కూడా బరువుతోనే మొదలైంది కాబట్టి దీన్ని కొట్టిపారేయలేకపోతున్నాను.

మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో మాకో ధరంకాంట ఉండేది. లారీని సరుకుతో సహా తూచే కాంట. మాకు అంటే నాకూ వెంకటేశానికీ. స్థలం అతనిది, నడిపేది నేను. ఇద్దరం బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నాం. నేను పదో తరగతితో ఆపేశాను. ఆ తర్వాత నేర్చుకున్న లెక్కలన్నీ నాకు నేనే నేర్చుకున్నవి. కాంట బాగుచేయడం, కంప్యూటరు, కెమెరాలు, అన్నీ అంతే. ఏదైనా చేసే ముందు రెండుసార్లు చూసుకోవడం నాకు అలవాటు. వెంకటేశం దానికి నవ్వేవాడు. "వీడు బువ్వ గూడ మెతుకులు లెక్కబెట్టి తింటడు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు.

మూడో మనిషి సాయిలు. హారన్ వినగానే లారీకి ఎదురుపోయి దాన్ని ప్లాట్‌ఫాం మీదికి సరిగ్గా ఎక్కించడం, డ్రైవరునూ క్లీనరునూ కిందికి దింపడం, టైర్ల నుంచి రాలిన మట్టి ఊడ్చడం అతని పని. "రానీ, రానీ, రానీ... బస్!" అని అతను అరిస్తే తుర్కపల్లి కంపెనీల క్యాబుల్లో పోయేవాళ్ళు కూడా తిరిగి చూసేవాళ్ళు.

ఇంకో పని కూడా ఉండేది. కాంట నిజం చెబుతోందా లేదా అని రోజూ చూసుకోవాలి. దానికి కావలసిన అసలు బాట్లు, అంటే తూకపు రాళ్ళు, అధికారులు వచ్చినప్పుడే వస్తాయి. మిగిలిన రోజుల్లో మాకు సాయిలే బాటు. పొద్దున కాంట ఆన్ చేశాక సున్నా పడుతుంది. అప్పుడతను చెప్పులు విడిచి నడిమధ్యన ఒకసారి, నాలుగు మూలల్లో నాలుగుసార్లు నిలబడేవాడు. మా కాంట ఐదు కిలోల మెట్టుతో చూపిస్తుంది. ఎక్కడ నిలబడ్డా అరవై ఐదే రావాలి. చాలా కాంటల్లో ఇలాగే చేస్తారు. పద్ధతి కాదని నాకు తెలుసు, కానీ సాయిలు బరువు ఏళ్ళ తరబడి మారలేదు.

ఒక రోజు డెబ్బై వచ్చింది.

"ఏంది సాయిలూ, రాత్రి ఏం గుంజినవ్?" అన్నాను కిటికీలోంచి.

"బోటి కూర అన్నా. ఏం, నీ కాంటకు గూడ కడుపు మంటనా?"

నేను మా మేనకోడలి పెండ్లికి సిద్దిపేట దిక్కు వెళ్ళినప్పుడు వెంకటేశం ఫోన్ చేశాడు. సాయిలు పోయాడని చెప్పాడు. పొద్దున్నే తాగి, కాంటకు రాకుండా రోడ్డు పక్కన పడుకున్నాడట. ఏదో బండి ఎక్కి పోయిందట. నేను వచ్చేసరికి పాడె కట్టారు. ముందు కొమ్ము వెంకటేశమే పట్టాడు. నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. ఆ తడి నా అంగీ మీద ఆరేదాకా ఉంది.

మూడో నాడు పిట్టకు పెట్టారు. వెంకటేశం చూపించిన చోటనే, రోడ్డు పక్కన, విస్తట్లో అన్నం, మాంసం పెట్టి దూరంగా నిలబడ్డారు. కాకులు తీగల మీద కూర్చున్నాయి కానీ ఒక్కటీ దిగలేదు. "ఏదో కోరిక ఉంది" అని పెద్దవాళ్ళు అన్నారు. నేను దాన్ని పట్టించుకోలేదు. బండ్లు పోయే రోడ్డు మీద కాకి ఎందుకు దిగుతుంది అనుకున్నాను.

ఆ తర్వాత సాయిలు భార్య లచ్చవ్వ కాంట దగ్గరికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. కిటికీ బయటే నిలబడింది.

"రాములన్నా, ఆయన పొద్దుగాల సద్ది గట్టుకొని పనికే పోయిండు. నేనే గట్టిచ్చిన. తాగి రోడ్డు మీద పన్నడంటున్నరు. ఇంట్ల నేను పోరు పెట్టబట్టే తాగిండని మా అత్తోళ్ళు అంటున్నరు. గా కెమెరల జూసి ఒక్క ముచ్చట చెప్పు. ఆ దినం ఆయన కాంటకు వచ్చిండా, రాలేదా? గంతే."

చూసి చెబుతానని మాటిచ్చాను.

మాకు మూడు కెమెరాలు ఉండేవి. ఆఫీసులో ఒకటి, ముందు ఒకటి, లారీ వెనక నంబరు పట్టేది ఒకటి. మొదటి రెండూ రికార్డు దాచవు. రికార్డయ్యేదీ, ప్లాట్‌ఫాం అంతా కనిపించేదీ ఆ వెనక కెమెరాలోనే. దాని రికార్డు తెరవబోతే పేజీ తెరుచుకోలేదు. వెంకటేశానికి చెప్పాను.

"అది వారం సంది గట్లనే ఉంది. సతాయిస్తాంది" అన్నాడు. "దాని ఫర్మ్‌వేర్ పాతదైందట. ముందుగాల అది మార్చు. తర్వాత రికార్డు అదే తెరుచుకుంటది."

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. కెమెరా అంటే ఉత్త కన్ను కాదు. లోపల చిన్న బుర్ర ఉంటుంది. ఆ బుర్ర ఎలా నడుచుకోవాలో చెప్పేదే ఫర్మ్‌వేర్. దాన్ని అప్పుడప్పుడు కొత్తదానితో మార్చాలి. కానీ సరైనది దొరకడమే కష్టం. కుత్బుల్లాపూర్‌లో కొన్న ఆ కెమెరా మీద పెద్ద పేరేమీ లేదు. కింద అంటించిన చీటీ ఎండకు తెల్లబడిపోయింది. నేను దాని సెట్టింగుల పేజీలోకి పోయి మోడలు, లోపలి బోర్డు రకం, ఇప్పుడున్న వెర్షను రాసుకున్నాను. తయారీవాళ్ళ సైటులో ఒక్క అక్షరం తేడాతో ఎన్నో ఫైళ్ళున్నాయి. తప్పు ఫైలు ఎక్కిస్తే కెమెరా రాయిలా పడి ఉంటుంది. మధ్యలో కరెంటు పోయినా అంతే. అందుకని ముందు సెట్టింగులన్నీ దాచిపెట్టాను. బ్యాటరీ మీద నడిచేలా కలిపాను. ఫైలు సైజు సైటులో రాసినదానితో సరిపోయిందో లేదో చూశాను. ఇంత జాగ్రత్త లచ్చవ్వకిచ్చిన మాట కోసం.

వెంకటేశం నా కుర్చీ వెనకే నిలబడ్డాడు. స్క్రీన్ మీద అప్‌డేటు గీత నిండింది. కెమెరా ఆగి మళ్ళీ లేచింది. మెమరీ కార్డును ఫార్మాట్ చేయాలా అని అడిగింది.

"కొట్టు" అన్నాడు వెంకటేశం. "అందుల ఏం లేదు. నేను జూసిన. కొత్తది ఎక్కినంక పాత కార్డు పని చెయ్యదట."

నేను కొట్టాను. కార్డు ఖాళీ అయింది.

ఆ దినం కెమెరా పని చేయలేదని లచ్చవ్వకు చెప్పాల్సి వచ్చింది. ఆమె కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడి నుంచి మొదలవుతుంది.

ఒక పొద్దున ఎప్పటిలాగే కాంట ఆన్ చేశాను. సున్నా పడింది. ప్లాట్‌ఫాం ఖాళీ. కాసేపటికి మొదటి లారీ గేటు దగ్గరికి వచ్చి హారన్ కొట్టింది. లారీ ఇంకా రోడ్డు మీదే ఉంది. డిస్‌ప్లేలో సున్నా పోయి, ముందు మైనస్ గుర్తుతో అరవై ఐదు వచ్చింది.

ఇది ఎందుకు విచిత్రమో చెప్పాలి. ఆన్ చేసినప్పుడు ప్లాట్‌ఫాం మీద ఉన్న చిన్నాచితకా బరువును కాంట సున్నాగా తీసుకుంటుంది. ఆ బరువు తర్వాత దిగిపోతే సున్నాకు కిందికి పోతుంది. అంటే మైనస్ అరవై ఐదు అన్నదానికి కాంట భాషలో ఒకటే అర్థం. నేను ఆన్ చేసినప్పుడు అరవై ఐదు కిలోలు దాని మీద ఉన్నాయి, హారన్ వినబడగానే దిగాయి.

హారన్ వినబడగానే దిగి లారీకి ఎదురుపోవడం ఎవరి పనో మీకు చెప్పాను.

నేను అప్పుడు అలా అనుకోలేదు. తేమ అనుకున్నాను. ప్లాట్‌ఫాం కింది గుంతలో దిగి బురద తీయించాను. తీగలన్నీ కలిసే పెట్టెను విప్పి ఆరబెట్టాను. ఎలుక కొరికిందేమో చూశాను. గాజులరామారం నుంచి మెకానిక్కును పిలిపించాను. అతను అసలు బాట్లు తెచ్చి అన్ని మూలలా పెట్టి చూసి, కాంట బంగారంలా ఉందన్నాడు. మర్నాడు పొద్దున మళ్ళీ సున్నా. హారన్. సున్నా కింద అరవై ఐదు.

అప్పుడు లెక్కలోకి దిగాను. ప్లాట్‌ఫాం నాలుగు మూలల కింద బరువు పట్టే సెల్లులు ఉంటాయి. ఒక్కొక్కటి విడిగా ఎంత మోస్తోందో కూడా చూడవచ్చు. మూలకు దగ్గరగా నిలబడితే ఆ మూల సెల్లు ఎక్కువ మోస్తుంది. అంకె పడిపోయినప్పుడు ఏ సెల్లు ఎంత తేలికపడిందో చూస్తే బరువు ఎక్కడి నుంచి లేచిందో తెలిసిపోతుంది. కావడికి రెండు వైపులా సరిచూసుకునే లెక్కే ఇది. దాదాపు బరువంతా ఒక్క మూలదే. వెనక ఎడమ మూల. లెక్క కట్టి, ఆ చోట సుద్దముక్కతో చిన్న గుర్తు పెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

కొత్త ఫర్మ్‌వేర్‌లో ఒక సదుపాయం వచ్చింది. మనిషి కనిపిస్తే కెమెరా అతని చుట్టూ ఆకుపచ్చ డబ్బా గీస్తుంది. దాన్ని నేను అంతగా చూసేవాణ్ణి కాదు. మర్నాడు కాంట ఆన్ చేసి, పక్కనున్న స్క్రీన్ వైపు తల తిప్పాను. ఖాళీ ప్లాట్‌ఫాం మీద ఆకుపచ్చ డబ్బా ఉంది. మనిషి ఎత్తు, మనిషి వెడల్పు. దాని అడుగు గీత సరిగ్గా నా సుద్ద గుర్తు మీద ఉంది. కిటికీలోంచి చూశాను. ఎండ, ఇనుప రేకు, సుద్ద గుర్తు. అంతే. హారన్ మోగింది. డబ్బా మాయమైంది. డిస్‌ప్లే మైనస్‌లోకి పోయింది.

కెమెరాకు బరువు తెలియదు. కాంటకు మనిషి తెలియడు. ఆ రెండూ ఒకదానికొకటి చెప్పుకునే దారి లేదు. అయినా ఇద్దరు సాక్షులూ ఒక్క మాట మీద ఉన్నారు.

నేను మళ్ళీ సైటు వెతికాను. ఇంకో కొత్త ఫర్మ్‌వేర్ వచ్చి ఉంది. మనిషి కానిదాన్ని మనిషి అనుకునే లోపం సరిచేశామని దాని కింద రాసి ఉంది. ప్రాణం లేచొచ్చింది. మళ్ళీ అంత జాగ్రత్తగానూ ఎక్కించాను. ఈసారి కార్డు ఊసే రాలేదు. ఫార్మాట్ తర్వాత పడ్డ రికార్డులన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.  అప్‌డేటుకూ కార్డు తుడవడానికీ సంబంధమే లేదన్నమాట.

కొత్త ఫర్మ్‌వేర్ మంచిదే. అంతకుముందు టార్పాలిన్ ఊగినా, కుక్క పోయినా డబ్బా గీసేది. ఇప్పుడు అవన్నీ పోయాయి. ఆ మూలలోది మాత్రం పోలేదు.

వెంకటేశం సాయంత్రాలే వచ్చేవాడు. పొద్దుటి సంగతి అతనికి తెలియదు. ఆ రోజు అతను చాయ్ తాగుతుంటే మాటలో మాటగా, ఖాళీ కాంట మీద మనిషి ఉన్నాడని కెమెరా డబ్బా గీస్తోందని చెప్పాను. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు.

అతను నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. గ్లాసు కింద పెట్టాడు.

"కెమెరా పక్కకు తిప్పు. గా ఎనక ఎడమ మూల గన్పడకుంట తిప్పు."

"ఏ మూలనో నేను చెప్పలే గదా ఎంకటేశం."

అతను రోడ్డు వైపు తిరిగాడు. తర్వాత అంతా చెప్పాడు. దాచడం కూడా విసుగొచ్చినవాడిలా చెప్పాడు. ఆ పొద్దున కొత్తగా కొన్న లారీని అతని అల్లుడు తోలాడట. లైసెన్సు లేదు. వెనక్కు పెడుతుంటే సాయిలు ఆ మూల మీద నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. లారీ ఆగలేదు. తర్వాత మామా అల్లుళ్ళు ఇద్దరూ అతన్ని తీసుకుపోయి రోడ్డు పక్కన పడుకోబెట్టారు. నోట్లో మందు పోశారు.

"చచ్చినోడు ఎట్లైన చచ్చిండు" అన్నాడు. "బతికినోని సంగతి సూడాలె గదా. నా బిడ్డ బతుకు అది."

"మరి కార్డు నా చేత ఎందుకు తుడిపించినవ్?"

"ఇంకొకని చేతిల పెడితే, తుడిచే ముందుగాల ఏముందో సూస్తడు. నువ్వు సూడవు. చెప్పింది చెప్పినట్టు చేస్తవ్. గిన్నేండ్ల సంది సూస్తలేనా నిన్ను?"

తిట్టినా ఇంత బాధపడేవాణ్ణి కాదు. అతను నన్ను మెచ్చుకుంటున్నాడు. నా జాగ్రత్త, నా నిజాయితీ, మెతుకులు లెక్కబెడతాడని నవ్విన నా అలవాటు, అన్నిటినీ కొలతేసి పెట్టుకున్నాడు. నేను ఇనుము నుంచి ఎండుగడ్డి దాకా తూచినవాణ్ణి. తూచకుండా నమ్మింది అతన్నొక్కడినే. అతను మాత్రం నన్ను చిన్నప్పటి నుంచీ తూస్తూనే ఉన్నాడు.

ఆ సాయంత్రమే లచ్చవ్వ ఇంటికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ఏడవలేదు. "వచ్చిండన్నట్టు" అంది, అంతే. మర్నాడు ఇద్దరం స్టేషనుకు వెళ్ళాం. వెంకటేశం అక్కడ అన్నీ కాదన్నాడు. నాకూ అతనికీ వాటా తగాదా ఉందన్నాడు. రికార్డు ఉందా అని అడిగారు. లేదన్నాను. ఎవరు తుడిచారని అడిగారు. నేనే అన్నాను. కాంట సున్నా కింద చూపిందనీ, కెమెరా గాలికి డబ్బా గీసిందనీ చెప్పబోయి, రాసుకుంటున్న పోలీసు ముఖం చూసి ఊరుకున్నాను.

వెంకటేశానికి కాంట తాళాలు అప్పజెప్పి వెళ్ళిపోవాల్సిన పొద్దున లచ్చవ్వ వచ్చింది. తలస్నానం చేసి, విస్తట్లో అన్నం, బోటి కూర పట్టుకొచ్చింది. ఏ మూల అని అడిగింది. సుద్ద గుర్తు చూపించాను. నేను లోపలికి వచ్చి కాంట ఆన్ చేశాను. సున్నా పడింది. స్క్రీన్ మీద ఆ మూలలో డబ్బా.

ఆమె ప్లాట్‌ఫాం ఎక్కింది. నలభై ఐదు చూపింది. స్క్రీన్ మీద రెండో డబ్బా వచ్చి మొదటిదాని పక్కన ఆగింది. ఆమె విస్తరి సుద్ద గుర్తు దగ్గర పెట్టింది. తర్వాత ఎదురుగా ఉన్న మనిషితో అన్నట్టే అంది:

"నువ్వు పనికే వచ్చినవని ఊరందరికి చెప్పిన. నమ్మినోళ్ళు నమ్మిరి. ఇగ నడువు, ఇంటికి పోదాం. ఇంకెంత సేపు నిలవడతవ్ ఈడ?"

ఆమె దిగింది. ఆమె దిగితే సున్నా రావాలి. రాలేదు. అంకె సున్నా దాటి కిందికి పోయి అరవై ఐదు దగ్గర ఆగింది. అప్పటికి ఏ లారీ రాలేదు. ఎవరూ హారన్ కొట్టలేదు.

పిట్ట దిగిందా లేదా అని తర్వాత చాలామంది అడిగారు. నాకు తెలియదు. నా కళ్ళు అంకె మీదే ఉన్నాయి.

ఆ పొద్దుటి రికార్డు నా దగ్గర ఉంది. రెండు ఆకుపచ్చ డబ్బాలు ఒకదాని వెనక ఒకటి గేటు దాకా వెళతాయి. ముందుదానిలో లచ్చవ్వ ఉంటుంది. వెనకదానిలో నేల ఉంటుంది. కెమెరాలు తెలిసిన ఒకతనికి చూపిస్తే, సాఫ్ట్‌వేర్ లోపమే, వచ్చే ఫర్మ్‌వేర్‌లో పోతుందన్నాడు. అయ్యుండవచ్చు. తేమ కూడా అయ్యుండవచ్చు. కానీ ఏ తేమ ఒక మనిషి బరువు తూగుతుంది, పిలిస్తే వెళ్ళిపోతుంది? నేను చాలా విధాలుగా లెక్క వేశాను. ఏ విధంగానూ సరిపోలేదు. ఆ కాంట ఇప్పుడు చూసుకుంటున్నవాణ్ణి అడిగాను. పొద్దున పడ్డ సున్నా సున్నాగానే ఉంటోందట.

వెంకటేశం అల్లుడు ఇప్పటికీ ఆ దారిలో లారీ తోలుతున్నాడు.

నేను తుర్కపల్లి దిక్కు ఇంకో కాంటలో కుదిరాను. అక్కడ మూలలు సరిచూడటానికి నేనే నిలబడతాను. డెబ్బై వస్తుంది. ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు, ఏ మీటా నొక్కే ముందు, వెనక ఎవరైనా నిలబడ్డారా అని ఒకసారి తిరిగి చూసుకుంటాను. సాయిలు గురించి కాదు. సాయిలంటే నాకు భయం లేదు.